పేరు తెలియకుండా కంప కొట్టొద్దు

 

పోయిన నెల మన గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకరు పరిశుభ్రత గురించి మంచి వ్యాసం రాశారు. హాస్టల్ వెనక ఉన్న కంపంతా కొట్టేసి, ఆ స్థలంలో క్రోటన్ మొక్కలు, గులాబీలు పెడితే మన బడి అందంగా ఉంటుందని అందులో ఉంది. అందరం చదివి బాగుందన్నాం. నేను కూడా బాగుందన్నాను. తోటపని కమిటీ మీటింగులో చేతులెత్తిన వాళ్ళలో నా చెయ్యి కూడా ఉంది. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చాక మొదటి శనివారం కంప కొట్టాలని నిర్ణయం అయింది.

ఇప్పుడు నా అభిప్రాయం మారింది. చెయ్యెత్తి మళ్ళీ దించడం తప్పేమో నాకు తెలియదు. కానీ తప్పని తెలిశాక చెప్పకుండా ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు గదా. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఈసారి మూడు చార్టులు ఇచ్చిన సంపాదకురాలు అక్కకు కృతజ్ఞతలు.

మొదట ఒక మాట. కంప అనేది ఏ చెట్టుకూ పేరు కాదు. ముల్లు ఉన్న ప్రతిదాన్నీ మనం కంప అంటాం. పేరు తెలియని వాటన్నిటినీ ఒకే మాటతో పిలిస్తే ఒకే కొడవలితో కొట్టడం సులువవుతుంది. అందుకని మీటింగు అయిన మరుసటి ఆదివారం నేను, మా గదిలో ఇంకో ఇద్దరు కలిసి, నోటుబుక్కు పట్టుకుని వెనకకు పోయి లెక్కపెట్టాం. చిల్లకంప, లాంటానా వదిలేసి మిగిలిన పొదలు మొత్తం 12. రెండు గంటలు పట్టింది. గౌను ఒకచోట చినిగింది.

ఆ 12లో మూడు పొదలు ఒకే వరుసలో ఉన్నాయి. ఒక దానికీ ఇంకో దానికీ నడుమ సరిగ్గా నాలుగు అడుగులు. పిట్టలు రెట్ట వేస్తే మొలిచినవి అట్లా వరుసగా రావు. ఎవరో నాటారు. మన కంటే ముందు ఇక్కడ చదువుకున్న అక్కలే అయ్యుండాలి. దగ్గరకు పోయి చూస్తే మొదటి దాని మొదట్లో ఇనుప తీగ కనిపించింది. అప్పుడు పేరు రాసి కట్టిన రేకుకు అది తీగ. రేకు ఎప్పుడో ఊడిపోయింది. తీగ మాత్రం మిగిలింది. చెట్టు లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగబడిపోయింది. పేరు చెప్పడానికి కట్టిన తీగ పేరు పోయాక చెట్టు గొంతు పట్టుకుంది. నాకు అది చూసి బాధ అనిపించింది. ఆ రోజే తీగ కోశాం. కటింగ్ ప్లేయర్ ఇచ్చిన వాచ్‌మెన్ తాతకు ధన్యవాదాలు.

ఆ మూడూ ఏమిటో మాకు తెలియలేదు. ఆకు తుంచితే పాలు కారాయి. పాలు కారేదంతా విషమని ఒకమ్మాయి అంది. ముళ్ళు గట్టిగా, జంటగా ఉన్నాయి, కొన్ని ముళ్ళు కొసలో చీలి ఉన్నాయి. కొమ్మ తీసుకుపోయి వంటగదిలో అక్కకు చూపిస్తే ఆమె నవ్వి, "ఏందమ్మా, వాక్కాయ చెట్టు తెలీదా? వానాకాలంలో మార్కాపురం మార్కెట్లో కుప్పలు పోసి అమ్ముతారు. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు" అంది. అంటే మూడు వాక్కాయ పొదలు మన వెనకే ఉన్నాయి! మరి కాయ ఎందుకు లేదు అంటే, చిల్లకంప వాటి మీద పడి ఎండ తగలనియ్యడం లేదు. చిల్లకంప కింద నీడలో అవి చిక్కిపోయాయి. కొట్టాల్సింది చిల్లకంపను. మనం రెంటినీ కలిపి కొట్టబోయాం.

వాక్కాయను శాస్త్రంలో కరిస్సా కరండాస్ అంటారు. అది గన్నేరు కుటుంబమే. గన్నేరు విషం, వాక్కాయ పప్పు. కాబట్టి పాలు కారితే విషం అనేదీ తప్పే, పాలు కారినా పర్వాలేదు అనేదీ తప్పే. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను చేసిన తప్పు నుంచి చెబుతున్నాను. అది కూడా రాస్తాను.

మాది చెంచు గూడెం. నల్లమల లోపల పుట్టాను కాబట్టి నాకు చెట్లన్నీ తెలుసు అని మా క్లాసులో అందరూ అనుకుంటారు. నేను కూడా అట్లానే అనుకున్నాను. దసరా సెలవులకు ముందు ఆరో తరగతి పిల్లలు ఇద్దరు ఒక పొదను చూపించి ఇదేం చెట్టక్కా అని అడిగారు. జంట ముళ్ళు, ఎదురెదురు ఆకులు. "బలుసు. ఆకు కూర వండుకోవచ్చు, పండు తినొచ్చు" అని ధైర్యంగా చెప్పేశాను. "బతికుంటే బలుసాకు తినొచ్చు" అని సామెత కూడా చెప్పాను. పిల్లలు నన్ను మెచ్చుకున్నారు.

తర్వాతి ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజున మా అవ్వ వచ్చింది. దోర్నాల అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. నేను గొప్పగా వెనకకు తీసుకుపోయి చూపించాను. అవ్వ ఆకు చూడలేదు, ముల్లు చూడలేదు. వంగి చెట్టు కింద చూసింది. ఎండు ఆకుల్లో చెయ్యి పెట్టి ఒక ఎండిపోయిన కాయ తీసింది. చిన్న జామకాయంత ఉంది, పైన కిరీటం మాదిరి ఉంది. "ఇది బలుసు యాడ కనిపించిందే నీకు? ఇది మంగ. దీని కాయ దంచి మడుగులో వేస్తే చేపలు మత్తెక్కి పైకి తేలతాయి. మనిషి తింటే కక్కుకుంటాడు. బలుసు కాయ ఇంతుంటదా? అది చిన్నది, పసుపు పచ్చగా, రెండు గింజలది" అంది. నాలుగు అడుగులు పక్కకు పోయి అసలు బలుసును కూడా చూపించింది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

నాకు సిగ్గేసింది. ఆ రాత్రి పరుగెత్తి ఆరో తరగతి పిల్లల దగ్గరకు పోయి తినలేదు గదా అని అడిగాను. తినలేదన్నారు. అయినా నాకు నిద్ర పట్టలేదు. తర్వాత సైన్సు మేడంను అడిగితే బలుసు, మంగ రెండూ ఒకే కుటుంబానివని, కాఫీ మొక్క కూడా అదే కుటుంబమని, అందుకే ఆకులు ఎదురెదురుగా ఉంటాయని చెప్పారు. అంటే చుట్టాలు కాబట్టి పోలిక ఉంది. పోలిక చూసి నేను పేరు పెట్టేశాను.

అడవిలో పుట్టినంత మాత్రాన అడవి తెలియదు. నేను ఆరేళ్ళ నుంచి హాస్టల్లో ఉన్నాను. సంవత్సరంలో రెండు నెలలు కూడా ఇంట్లో ఉండను. మా అవ్వకు బడి తెలియదు, నాకు చెట్టు తెలియదు. ఈ నిజం ఒప్పుకోవడానికి నాకు కష్టమే అయింది. మీలో చాలామందికి కూడా ఇదే నిజం అనుకుంటాను. ఇంట్లో మొదట చదువుకుంటున్నది మనమే. పుస్తకం సంపాదించుకుంటూ ఇంట్లో ఉన్నది పోగొట్టుకుంటే అది లాభమా నష్టమా, మీరే లెక్క వేయండి.

ఇప్పుడు మిగిలిన పొదల సంగతి.

రేగు ఒకటి. దాని పేరు అందరికీ తెలుసు. భోగి నాడు చిన్నపిల్లల తల మీద పోసేవి ఆ పండ్లే. గుర్తు ఏమంటే ఆకు వెనక తెల్లగా నూగు ఉంటుంది, మొదలు నుంచి మూడు ఈనెలు పైకి పోతాయి, ముళ్ళు జంటగా ఉండి ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా ఉంటుంది. దీని శాస్త్రనామంలో రెండో మాట మారిషియానా, అంటే మారిషస్ ద్వీపానిది అని. మన రేగుకు ఎక్కడో సముద్రంలో ఉన్న ద్వీపం పేరు ఎందుకొచ్చిందంటే పేరు పెట్టిన వాళ్ళకు అట్లా తెలిసింది కాబట్టి. మనం చెప్పలేదు, వాళ్ళు రాసుకున్నారు.

పరికి ఒకటి. రేగుకు చెల్లెలు. తీగలా పక్క చెట్టు మీదకు ఎక్కుతుంది. ముల్లు కొక్కెంలా ఉంటుంది. మా గౌను చింపింది ఇదే. పండు బఠాణీ గింజంత, నల్లగా, పుల్లగా ఉంటుంది. ఇప్పుడు పండ్లున్నాయి.

తెల్లపురుగుడు ఒకటి. చిన్న గుండ్రటి ఆకులు, తెల్లటి చిన్న పండ్లు. మేకలు మేపే పిల్లలకు తెలిసిన చెట్టు.

సీతాఫలం ఒకటి. దసరా నాటికి కాయలు వస్తాయి కాబట్టి ఇది కూడా అందరికీ తెలుసు. సీతమ్మ పేరు పెట్టుకున్నాం గానీ, ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం. సముద్రం దాటి వచ్చి మన కొండల్లో మనదే అయిపోయింది. పేరు పెట్టుకుంటే పరాయిది కూడా మనదవుతుంది. పేరు మరిచిపోతే మనది కూడా పరాయిదవుతుంది. పాపం మన సీతాఫలం ఒక పక్క కాలిపోయి ఉంది. ప్రతి శనివారం ఊడ్చిన ఆకులన్నీ దాని పక్కనే మంట పెడుతున్నాం. పెట్టింది మనమే, వేరే ఎవరూ కాదు.

అడవి ఆముదం ఒకటి. ఇది జాగ్రత్తగా చదవండి. దీని గింజలు పల్లీల్లా కమ్మగా ఉంటాయట, కానీ విషం. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఈ గింజలు తిని పిల్లలు ఆసుపత్రి పాలయ్యారని పేపర్లో ఎన్నోసార్లు వచ్చింది. దీని నూనెతో బండ్లు నడపవచ్చని 2000 తర్వాత కొన్నేళ్ళు మన దేశంలో చాలాచోట్ల నాటించారు. మన 12లో దీన్ని ఒక్కదాన్ని తీసేయాలని నేను కూడా అంటాను. చిన్నపిల్లలున్న చోట అది ఉండకూడదు. తీసేదాకా దాని ముందు ఎర్ర రంగుతో 'తినొద్దు' అని రాసి పెట్టాలి.

వాక్కాయ మూడు, రేగు, పరికి, బలుసు, మంగ, పురుగుడు, సీతాఫలం, అడవి ఆముదం. మొత్తం పది. ఇంకా రెండు మిగిలాయి. ఈ రెంటి మీదే నా ఆలోచన ఎక్కువ.

జూన్ నుంచి ఇప్పటిదాకా ఆ రెంటికీ పువ్వు రాలేదు, కాయ రాలేదు. వంటగది అక్కకు తెలియలేదు. అవ్వ వచ్చినప్పుడు వాటిని చూపించడం మరిచిపోయాను. రెండు రోజులు ఆలోచించాక నాకు ఒక సంగతి తట్టింది. మన బడి ఏప్రిల్ నెలాఖరులో మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. నల్లమలలో తునికి పండేది ఎప్పుడు? ఎండాకాలంలో. మొర్రి పండ్లు ఎప్పుడు? ఎండాకాలంలో. పాలపండ్లు, ఈత పండ్లు, అడవి కలివి పండ్లు ఎప్పుడు? అన్నీ ఎండాకాలంలోనే, తొలకరి పడేలోపు. అంటే అడవి పండ్లు సగం పైన మనం బడిలో లేనప్పుడు పండుతాయి! రేగు, సీతాఫలం మనకు ఎందుకు తెలుసంటే అవి బడి ఉన్నప్పుడు పండుతాయి కాబట్టి. సెలవుల్లో పండే చెట్టుకు హాజరు పట్టీలో పేరు లేదు. అది మొద్దు కంప అని అనుకుంటున్నాం. తప్పు చెట్టుది కాదు, మన క్యాలెండర్‌ది.

వాచ్‌మెన్ తాత ఎండాకాలంలో కూడా ఇక్కడే ఉంటాడు. అడిగితే "ఒకదాని మీద మే నెలలో పిట్టలు బాగా వాలతాయమ్మా, ఏం తింటాయో నేను చూళ్ళేదు" అన్నాడు. పిట్టలు తింటే మనం తినొచ్చు అని కాదు. మనకు విషమైనవి పిట్టలు తింటాయి. కానీ పండు ఉంది అన్నది నిజం. అది చూడకముందే కొట్టేయడం న్యాయమా? పరీక్ష రాయకముందే ఫెయిలు చేసినట్టు గదా.

నా మాటకు ఎదురు మాటలున్నాయి. అవి కూడా రాస్తాను, ఎందుకంటే అవి అబద్ధాలు కావు.

మొదటిది పాముల భయం. ఇది నిజమైన భయం. మా గూడెంలో పాము కరిచి చనిపోయిన వాళ్ళను చూశాను. దీనికి నేను చెప్పేది, గది కిటికీల నుంచి పది అడుగుల దాకా ఏ పొదా ఉండకూడదు. మన 12లో ఒక్కటీ అంత దగ్గర లేదు, టేపు పెట్టి కొలిచాం. దగ్గరున్నదంతా లాంటానా, గడ్డి, పాత ఇటుకల కుప్ప. అది తీసేయాలి. పొదల కింద మూరెడు ఎత్తు దాకా కొమ్మలు కత్తిరిస్తే నేల కనిపిస్తుంది. నేల కనిపిస్తే పాము కనిపిస్తుంది. ఇంకో మాట, పాము వచ్చేది ఎలుక కోసం. ఎలుక వచ్చేది మనం కిటికీలోంచి పారేసే అన్నం కోసం.

రెండోది అందం. క్రోటన్ మొక్కలు రంగురంగులుగా బాగుంటాయి, కాదనను. కానీ ఎండాకాలం మార్కాపురంలో ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు. మనకే ట్యాంకరు నీళ్ళు. సెలవుల్లో క్రోటన్లకు, గులాబీలకు నీళ్ళు ఎవరు పోస్తారు? పోయినసారి పెట్టిన గులాబీలు పదిహేనూ జూన్ నాటికి కట్టెలయ్యాయి. ఈ పొదలకు ఎన్నేళ్ళుగానో ఎవరూ చెంబెడు నీళ్ళు పోయలేదు, అయినా ఉన్నాయి. మన నేలకు, మన కరువుకు అలవాటు పడినవి అవి. ముందు వైపు క్రోటన్లు పెట్టుకుందాం, వెనక వీటిని ఉంచుకుందాం. రెండూ ఉండొచ్చు.

మూడోది, చిన్నపిల్లలు తెలియక ఏదో ఒకటి తింటారని. ఇది అన్నిటికంటే బలమైన మాట. మంగ విషయంలో నేనే ఆ తప్పు చేయబోయాను. కానీ చెట్లు కొట్టేస్తే ఈ బడిలో ప్రమాదం తగ్గుతుంది, సెలవుల్లో ఊరికి పోతే తగ్గదు. అక్కడ అడవి ఉంది, కంచె ఉంది, కాలువ గట్టు ఉంది. తెలియని పిల్ల అక్కడ తింటుంది. మంగ ఏదో, బలుసు ఏదో పక్కపక్కన పెట్టి చూపించేంత మంచి పాఠం మనకు ఏ పుస్తకంలో దొరుకుతుంది? అందుకే నేను రెండు నియమాలు చెబుతున్నాను. పేరు తెలియని చెట్టును కొట్టొద్దు. పేరు తెలియని కాయను తినొద్దు. ఈ రెండూ కలిపి పాటించాలి. ఒకటి పాటించి ఒకటి వదిలేస్తే లాభం లేదు.

చిల్లకంప గురించి కూడా ఒక మాట. అది మన చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను మన పక్కనున్న కడప జిల్లా కమలాపురంలో నాటారని సోషల్ మేడం చెప్పారు. వంట చెరకు కోసం తెచ్చారు, ఇప్పుడు అది చెరువు కట్టలన్నీ కమ్మేసింది. లాంటానాను అందం కోసం తెచ్చారు, ఇప్పుడు అది నల్లమలలో కూడా పాకింది. బాగుంటుందని తెచ్చింది ఒక్కోసారి ఏమవుతుందో చూడండి. ఈ రెండూ కొట్టడానికి శనివారం నేనే ముందు వస్తాను.

ఇక ఏం చేయాలో నా సలహాలు రాస్తున్నాను. డబ్బు ఖర్చు లేనివే రాశాను.

ఒకటి. సంక్రాంతికి ఇంటికి పోయేటప్పుడు ప్రతి అమ్మాయి ఆ రెండు తెలియని పొదల నుంచి చిన్న రెమ్మ ఒకటి పాత నోటుబుక్కులో పెట్టి నొక్కి తీసుకుపోవాలి. ఇంట్లో అవ్వను, తాతను, మేకలు కాసే మామను అడగాలి. మనలో చెంచు పిల్లలున్నాం, సుగాలి పిల్లలున్నారు, యానాది, ఎరుకల పిల్లలున్నారు. నూరు ఇళ్ళల్లో అడిగితే ఒక్కరికైనా తెలియకపోదు. ఒక్కరు చెప్పింది రాసుకోవాలి, ముగ్గురు అదే చెబితే నమ్మాలి.

రెండు. పేరు పలకలు. మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతా పోయేవి. మన నాన్నల కాలంలో పిల్లలు అక్షరాలు దిద్దింది వాటి మీదే. గనుల దగ్గర విరిగిన రాతి ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. అవి తెచ్చి మేకుతో గీకి రాస్తే వానకు పోదు. బలపంతో రాస్తే పోతుంది. రాయిని చెట్టు ముందు నేలలో పాతాలి, చెట్టుకు తీగతో కట్టకూడదు. దాని మీద పేరు, తినొచ్చా తినకూడదా, పూసే నెల, కాసే నెల, పేరు ఎవరు చెప్పారు అన్నవి ఉండాలి. ఒకే చెట్టుకు గూడెంలో ఒక పేరు, తండాలో ఒక పేరు ఉంటే రెండూ రాయాలి. శాస్త్రనామం సైన్సు మేడం చూసి సరే అన్నాకనే రాయాలి. తెలియని రెంటికీ కూడా రాయి పెట్టాలి. దాని మీద 'పేరు ఇంకా తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పండి' అని రాద్దాం. అందులో సిగ్గేమీ లేదు. తెలియక తప్పు పేరు చెప్పడంలో ఎంత సిగ్గుందో నాకు తెలుసు.

మూడు. సంరక్షణ. ఎండిపోయిన కొమ్మలు ఇప్పుడే తీసేయొచ్చు. పచ్చి కొమ్మలు మాత్రం కాపు అయ్యేదాకా ముట్టుకోవద్దు. రేగును ఎండాకాలంలో ఆకు రాల్చినప్పుడు కత్తిరిస్తే మంచిది, దానికి కొత్త కొమ్మకే కాయ వస్తుంది. వాక్కాయ మీద పడ్డ చిల్లకంపను మొదలంటా తీయాలి, పైపైన కొడితే మళ్ళీ చిగురిస్తుంది. ప్రతి పొద చుట్టూ పాదు చేసి, పల్లం వైపు రాళ్ళు పేర్చితే వాన నీళ్ళు నిలబడతాయి. ఊడ్చిన ఆకులు మంట పెట్టకుండా పాదుల్లో పరిస్తే తేమ ఆరదు. బియ్యం కడిగిన నీళ్ళు రోజూ మోరీలో పోతున్నాయి. రోజుకు ఒక పొదకు ఒక బకెట్ పోస్తే చాలు. తాగే నీళ్ళు ఒక్క చెంబు కూడా అడగడం లేదు.

నాలుగు. ఎండాకాలంలో ఆ రెంటినీ చూసే పని వాచ్‌మెన్ తాతకు అప్పగిద్దాం. మే నెలలో కాయ కనిపిస్తే ఒక కొమ్మ తుంచి నీడన ఆరబెట్టి పెడితే జూన్‌లో మనం చూస్తాం. తాత ఒప్పుకున్నాడు.

ఇదంతా పండ్లు తిని బలం తెచ్చుకోవడానికి మాత్రమే చెప్పడం లేదు. పుల్లటి పండ్లలో సి విటమిన్ ఉంటుంది, అది మనం తినే తిండిలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మనలో చాలామందికి రక్తం తక్కువ. అట్లాగని ఐరన్ మాత్రలు మానేసి పరికి పండ్లు తింటే సరిపోదు. మాత్ర మాత్రే, పండు పండే.

నేను చెప్పేది ఇంకొకటి. మన చెంచుల గురించి ఒక విదేశీ శాస్త్రవేత్త రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. ఆయన పేరు హైమెన్‌డార్ఫ్. కృష్ణకు అవతల, నైజాం వైపు నల్లమలలో చెంచు పెంటల్లో తిరిగి, వాళ్ళు ఏం తవ్వుకుంటారో, ఏం ఏరుకుంటారో అన్నీ అడిగి రాసుకున్నాడు. ఆయనకు చెప్పిన అవ్వలకు రాయడం రాదు. ఇప్పుడు మనకు రాయడం వచ్చింది. కానీ మనం అడగడం లేదు. అడవిలో దొరికే చిన్న ఫలసాయం ఏరుకునే హక్కు మనకుందని 2006లో చట్టం వచ్చింది. చట్టం హక్కు ఇస్తుంది, పేర్లు నేర్పదు. ఏది ఏరాలో తెలియని వాళ్ళకు ఏరుకునే హక్కు ఉండి ఏం చేసుకుంటారు?

మా అవ్వకు చూపు మందగించింది. పోయినసారి బస్సు దిగి మన బోర్డు చదవలేక, గేటు దగ్గర నిలబడి ఇది పిల్లల బడేనా అని అడిగింది. మన బడి పేరు చదవలేని మనిషి చెట్టు కింద చెయ్యి పెట్టి ఎండుకాయ తీసి పేరు చెప్పింది. ఈ సంక్రాంతికి నేను ఇంటికి పోయినప్పుడు రెండు రెమ్మలు తీసుకుపోతాను. అవ్వ చెబుతుంటే రాసుకుంటాను. వచ్చే సంవత్సరం అడుగుదాంలే అని ఊరుకుంటే వచ్చే సంవత్సరం అవ్వకు ఎంత కనిపిస్తుందో నాకు తెలియదు.

కాబట్టి తోటపని కమిటీకి నా మనవి ఇది. శనివారం చిల్లకంప, లాంటానా, అడవి ఆముదం తీసేద్దాం. మిగిలిన 11 పొదలకు ఒక్క సంవత్సరం గడువు ఇద్దాం. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం చూద్దాం. ఆ తర్వాత కూడా ఎవరికీ పనికిరావు అని తేలితే అప్పుడు మళ్ళీ చేతులెత్తుదాం. నిలబెట్టిన చెట్టును ఎప్పుడైనా కొట్టొచ్చు. కొట్టిన చెట్టును నిలబెట్టలేం.

పదో తరగతి అక్కకు నా మీద కోపం రాకూడదని కోరుకుంటున్నాను. అక్క రాసిన వ్యాసం వల్లనే నేను వెనకకు పోయి చూశాను. నా అభిప్రాయంలో తప్పులుంటే వచ్చే సంచికలో రాయండి. నేను చదువుతాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని

(రెమ్మలు కావలసినవాళ్ళు శుక్రవారం సాయంత్రం ఆటల పీరియడ్‌లో హాస్టల్ వెనకకు రండి. పాత నోటుబుక్కు మీరే తెచ్చుకోండి. పరికి దగ్గర జాగ్రత్త, గౌను చినుగుతుంది.)